పుకారుకు విరుగుడు ఒక్క గంట పాఠంతో రాదు

మోటార్‌సైకిల్‌పై వచ్చిన ఇద్దరు వీధిలో ఉన్న పిల్లాడిని ఎత్తుకుపోతారు. 2018లో మన దేశంలో వాట్సాప్ ద్వారా విపరీతంగా తిరిగిన వీడియో ఇది. అసలు వీడియో అక్కడితో అయిపోదు. కాసేపటికే వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాడిని దించి, పిల్లలను జాగ్రత్తగా చూసుకోమని రాసిన అట్టను చూపిస్తారు. పాకిస్తాన్‌లోని కరాచీలో అవగాహన కోసం తీసిన చిత్రమది. ఎవరో చివరి భాగం కత్తిరించారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న పుకార్లకు అది తోడైంది. ఆ ఏడాది పలు రాష్ట్రాల్లో అమాయకులు మూకదాడులకు బలయ్యారు.

అబద్ధాన్ని కొత్తగా సృష్టించనక్కర్లేదు, నిజాన్ని దాని చోటు నుంచి తప్పిస్తే చాలు. దేశంలోని రాజకీయ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన చిత్రాలపై కిరణ్ గరిమెళ్ల, డీన్ ఎకల్స్ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాటిలో సుమారు 13 శాతం తప్పుదోవ పట్టించేవే. సందర్భం మార్చి వాడిన పాత ఫొటోలు అందులో ఒక ప్రధాన రకం. వాట్సాప్ సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప సంస్థకు కూడా కనబడవు. అందుకే ఈ పరిశోధకులు ఎవరైనా చేరగలిగే గ్రూపులనే పరిశీలించారు. కుటుంబ గ్రూపుల్లో ఏం తిరుగుతోందో ఇలా తెలియదు.

2018 జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. దాంతో వేగానికి కళ్లెం పడుతుంది కానీ నమ్మకం మారదు. తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి మరో దారి పట్టారు. ఆమె సిబ్బంది ఊళ్లకు వెళ్లి జనపదాల బాణీల్లో పాటలు పాడి, ఆ వీడియోలు నమ్మవద్దని చెప్పారు. ఇది శాస్త్రీయ ప్రయోగం కాదు కాబట్టి ఫలితాన్ని కచ్చితంగా కొలవలేం.

కొలిచే ప్రయత్నం బీహార్‌లో జరిగింది. 2019 ఎన్నికల సమయంలో పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ బృందం 1,224 మందితో ఓ ప్రయోగం చేసింది. ఇందులో కొందరికి ఇంటికే వెళ్లి, తప్పుడు సమాచారాన్ని పసిగట్టే పద్ధతులను గంటసేపు నేర్పారు. మొత్తమ్మీద చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పైగా ఒక పార్టీ మద్దతుదారులు, తమకు నచ్చే కథనాల విషయంలో మునుపటి కంటే వెనకబడ్డారు. ఒకసారి చెబితే చాలనుకునే అవగాహన సదస్సులకు ఇది మింగుడుపడని ఫలితమే.

తర్వాత అదే రాష్ట్రంలో, ప్రభుత్వ సంస్థ సహకారంతో, 583 గ్రామాలకు చెందిన 13 వేలకు పైగా కౌమార విద్యార్థులతో మరో ప్రయోగం జరిగింది. ఈసారి కొందరికి తరగతి గదిలో కొన్ని వారాల పాటు ఆరోగ్య సమాచారంలో నిజానిజాలు పోల్చుకోవడం నేర్పారు, మిగిలినవారితో పోల్చి చూశారు. పాఠాలు విన్నవారు మెరుగ్గా గుర్తించారు. నాలుగు నెలల తర్వాత కూడా ఆ నేర్పు నిలిచింది, పాఠాల్లో లేని రాజకీయ వార్తలకూ పాకింది. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏ తరగతిలోనూ కూర్చోలేదు. అయినా నిజానికీ అబద్ధానికీ తేడా గుర్తించడంలో వారూ మెరుగుపడ్డారు.