డాష్ బోర్డు డిమ్మరుకు క్రొత్త స్విచ్చి దీపములను కలుపు విధము

పసుపు త్రవ్వకము జనవరిలో మొదలై మార్చి వరకు సాగును. ఉడికించి, కల్లములో ఎండబెట్టి, డ్రమ్ములో మెరుగుపెట్టిన కొమ్ములను, మండను ఆర్మూరు, వేల్పూరు, బాల్కొండ ప్రాంతముల రైతులు నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చుదురు. తెల్లవారుసరికి యార్డులో నుండవలెనని అనేకులు చీకటితోనే బండి కట్టుదురు. బస్తాలు దింపుటకు వెనుక నొక దీపము, పొలములో పనికి మరియొక దీపము అమర్చుకొని, వాటికై జీపులకును పికప్ బండ్లకును క్రొత్త స్విచ్చిలు వేయించుకొనుట మామూలైనది. ఈ స్విచ్చిలలో చిన్న దీపము లుండును. వాటిని కలుపుటలో జరుగు పొరపాట్లను గూర్చియే ఈ వ్యాసము.

ఇంత చిన్న దీపముతో వచ్చు నష్టమేమని కొందరడుగవచ్చును. చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు కంటికి 20 మొదలు 30 నిమిషములు పట్టును. ఆ అలవాటు చెడుటకు కొద్ది క్షణములు చాలును. కంటి యెదుట నీలముగా మెరయు స్విచ్చి ఒకటి రాత్రియంతయు వెలుగుచుండిన, దాని ప్రతిబింబము అద్దములో గూడ కనబడుచు, దారి ప్రక్కన దీపము లేక నిలిపిన ట్రాలీని, రోడ్డుపై ఆరబోసిన మక్కలను, వాటికి అడ్డముగా పెట్టిన రాళ్లను ఆలస్యముగా చూచెదము. బస్తాలతో నిండిన బండిని ఆపుటకు ఎంత దూరము కావలెనో నడుపువారికి తెలియును.

డిమ్మరనగా ఏమో ముందు స్పష్టము చేసికొనవలెను. మన పల్లెలలో డిమ్మరన్నచో హెడ్ లైట్లను డిమ్ము, డిప్పు చేయు మీట యని తలంతురు. ఇక్కడ చెప్పునది అది కాదు. డాష్ బోర్డులోని మీటర్ల దీపములను హెచ్చించి, తగ్గించు చిన్న చక్రము వంటి గుండీ ఇది. అనేక ట్రాక్టర్లకు ఇది యుండదు. జీపులకు, కార్లకు, లారీలకు తరచుగా నుండును. మెకానిక్కుకు పని అప్పగించునపుడు ఈ తేడాను విడమరచి చెప్పుట మంచిది.

పాత పద్ధతి బండ్లలో బ్యాటరీ నుండి వచ్చు కరెంటు లైట్ల స్విచ్చి ద్వారా, ఫ్యూజు ద్వారా డిమ్మరునకు చేరి, అక్కడి నుండి మీటర్ల బల్బులకు పోయి, బాడీ ద్వారా తిరిగి వచ్చును. డిమ్మరు లోపల నున్నది నిరోధపు తీగ చుట్ట. గుండీ త్రిప్పిన కొలది నిరోధము పెరిగి బల్బునకు చేరు వోల్టేజి తగ్గును. మరికొన్ని బండ్లలో ఇది తలక్రిందులుగా నుండును. బల్బునకు పూర్తి 12 వోల్టులు ఎల్లప్పుడు చేరుచుండగా, డిమ్మరు తిరుగు దారిలో, అనగా ఎర్తు వైపున కూర్చుండును. తప్పులలో ఎక్కువ భాగము ఈ తేడాను పరీక్షింపక వైరు కలుపుటవలననే జరుగును.

పరీక్ష కష్టము కాదు. మీటర్ల బల్బు దాని చోటనే యుండగా పార్కింగు దీపములు వేయవలెను. మల్టీమీటరు నల్లతీగను బాడీకి ఆనించి, ఎఱ్ఱతీగను బల్బునకు వచ్చు రెండు వైర్లకు ఒకదాని తరువాత నొకటి తాకించుచు, గుండీని మెల్లగా త్రిప్పవలెను. ఒక వైరు ఎప్పుడును సున్న చూపుచు, రెండవది 12 నుండి క్రిందికి దిగుచుండిన, డిమ్మరు పాజిటివ్ వైపున గలదు. అట్లుగాక ఒకటి 12 వద్దనే నిలిచి, రెండవది దీపము తగ్గించిన కొలది సున్న నుండి పైకి లేచుచుండిన, అది ఎర్తు వైపు డిమ్మరు.

మొదటి రకమునకు స్విచ్చి దీపపు పాజిటివ్ తీగను డిమ్మరు దాటిన తరువాతి వైరునకు కలిపి, నెగటివును బాడీకి బిగించవలెను. రెండవ రకమునకు పాజిటివును ఆ 12 వోల్టుల వైరునకును, నెగటివును డిమ్మరునకు పోవు తిరుగు వైరునకును కలుపవలెను. ఇక్కడ నెగటివును బాడీకి బిగించినచో స్విచ్చి దీపము ఎన్నటికిని తగ్గదు. అంతకంటె పెద్ద పొరపాటు ఆ తిరుగు వైరునే బాడీకి కలుపుట. అట్లు చేసిన డిమ్మరు ప్రక్కకు తప్పిపోయి మీటర్లన్నియు పూర్తి వెలుగుతో మండును. గుండీ చెడిపోయినదని దానిని మార్చినను ఫలితముండదు.

స్విచ్చిలో తరచుగా రెండు దీపములుండును. పార్కింగు దీపములతో వెలుగునది ఒకటి, స్విచ్చి వేసినపుడు మాత్రమే వెలుగునది మరొకటి. డిమ్మరునకు కలుపవలసినది మొదటిది మాత్రమే. రెండింటికి ఒకే నెగటివ్ కొస యున్న స్విచ్చి, ఎర్తు వైపు డిమ్మరున్న బండికి అనుకూలము కాదు. పగటివేళ రెండవ దీపము కూడ మందగించి, స్విచ్చి వేసియున్నదో లేదో తెలియదు.

సరిగా కలిపినను, పాత బల్బులు తగ్గినంతగా ఎల్.ఇ.డి. దీపము తగ్గలేదని కొందరు ఫిర్యాదు చేయుదురు. ఇది తప్పు కాదు, ఆ దీపపు స్వభావము. తీగ బల్బునకు వోల్టేజి సగమైన వెలుగు పదియవ వంతునకు పడిపోవును. ఎల్.ఇ.డి.కి మూడవ వంతునకు పైగా నిలిచియుండును. స్విచ్చి దీపపు పాజిటివ్ తీగలో 1000 ఓముల చిన్న రెసిస్టరు నొకదానిని వరుసలో కలిపిన సరిపోవును. పావు వాటు రకము చాలును. దాని ఖరీదు లెక్కింపదగినది కాదు. ఎల్.ఇ.డి. తీగలు తారుమారైనచో వెలుగదు. లారీలు ఎక్కువగా 24 వోల్టులవి గనుక 12 వోల్టుల స్విచ్చి వాటిలో పెట్టరాదు.

ఇక అతి ముఖ్యమైన సంగతి. డిమ్మరు వైరు నుండి స్విచ్చిలోని చిన్న దీపమునకు మాత్రమే కరెంటు తీసికొనవలెను. పొలపు దీపములను ఆ వైరునకు ఎన్నడును కలుపరాదు. 55 వాట్ల బల్బులు రెండు కలిసి 9 ఆంపియర్లు లాగును. మీటర్ల సన్నని వైరు అంత భారము మోయలేక వేడెక్కి, పైపొర కరుగును. వెనుక నున్నవి గోనె బస్తాలు, ఎండు సరకు. పెద్ద దీపములకు బ్యాటరీ నుండి వేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరములోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా నడుపవలెను. రిలేలో 30 అను కొసకు బ్యాటరీ వైరు, 87కు దీపము, 85, 86లలో ఒకదానికి స్విచ్చి నుండి వచ్చు వైరు, రెండవదానికి ఎర్తు. రేకు రంధ్రము గుండా వైరు పోవుచోట రబ్బరు వలయము తప్పదు. అది లేక వైరు రాసుకొని కాలిన బండ్లను ఈ వ్యాసకర్త చూచియున్నాడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము, రిజిస్ట్రేషను అధికారి అనుమతి లేనిదే బండి ముందు స్పాట్ లైటు అమర్చరాదు.

క్రొత్త బండ్లలో కొన్నింటికి మీటర్ల వెలుగును కంప్యూటరు పెట్టె నడుపును. అది వోల్టేజి తగ్గించుటకు బదులు కరెంటును సెకనుకు అనేకసార్లు ఆపి వదలుచుండును. అట్టి బండిలో వైరు కోసినచో గ్యారంటీ పోవచ్చును. పెట్టెకును హాని కలుగవచ్చును. అక్కడ స్విచ్చిలకు వేరుగా చిన్న డిమ్మరు పెట్టుకొనుటయే ఈ వ్యాసకర్త సలహా.

పని ప్రారంభించుటకు ముందు బ్యాటరీ నెగటివ్ కొస విప్పి, వోల్టేజి పరీక్షకు మాత్రము తగిలించి, చివర మరల బిగించవలెను. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టి వదలక, సోల్డరు చేయించవలెను. పరీక్ష పగలు గాక రాత్రివేళ, ఇంజను నడుచుచుండగా చేయవలెను. అప్పుడు వోల్టేజి 14 వరకు పెరిగి దీపము మరికొంత హెచ్చుగా కనబడును. నడుపు సీటులో కూర్చుండి, గుండీని పూర్తిగా తగ్గించి, ముందు అద్దములో స్విచ్చి నీడ కనబడుచున్నదేమో చూడవలెను. కనబడినచో 1000 ఓముల బదులు 2000 ఓముల రెసిస్టరు వేయవలెను.