చిత్తుప్రతి సంస్కరణమున యంత్రపరిశీలనము

సిద్ధాంతవ్యాసముల చిత్తుప్రతులను కంప్యూటరుపై వ్రాసి, అందలి దోషములను అక్షరపరిశీలన, వ్యాకరణపరిశీలన సాఫ్ట్‌వేర్‌లచే సరిచూచుకొనుట నేడు పరిశోధక విద్యార్థులలో వాడుకయైనది. పదము క్రింద ఎఱ్ఱగీత కన్పట్టిన నది తప్పనియు, కన్పట్టకున్న నొప్పనియు దలచువారు పెక్కురు. ఈ రెండు తలంపులును తెలుగువిషయమున నిలువవు. ఏల నిలువవో తెలియుటకు ఆ యంత్రము చేయుపని యెట్టిదో ముందెఱుగవలెను.

1975లో బెల్ ప్రయోగశాలలయందు స్టీఫెన్ జాన్సన్ యూనిక్స్ వ్యవస్థకై 'స్పెల్' అను ప్రోగ్రామును వ్రాసెను. తరువాత డగ్లస్ మెకిల్‌రాయ్ దానిని బాగుపఱచెను. పదమునకు ముందువెనుకల జేరు ప్రత్యయములను దొలగించి, మిగిలిన రూపము పట్టికలో నున్నదా యని చూచుటయే దాని పద్ధతి. అర్థముతో దానికి బనిలేదు. 1980 ప్రాంతమున అచ్చటనే లోరిండా చెర్రీ, నైనా మక్డొనాల్డ్ మున్నగువారు రూపొందించిన 'రైటర్స్ వర్క్‌బెంచ్' వాక్యముల నిడివిని, కర్మణిప్రయోగముల పాలును లెక్కించి చూపెడిది. లెక్క చూపునే కాని, ఆ వాక్య మచ్చట అంత నిడివిగా నుండదగునా యన్నది వ్రాసినవాడే తేల్చుకొనవలెను.

పట్టిక యెంత పెద్దదైన నంత మేలని తోచును. అది భ్రమ. "పరిశోధన ఫలితము" అని వ్రాయబోయి "పలితము" అని వ్రాసితిమనుకొందము. పలితము నెరసిన వెండ్రుక యను నర్థముగల సంస్కృతపదము. పట్టికలో నీ యరుదైన పదమున్నచో దోషము కనబడక దాటిపోవును. (కొందఱియెడ పరిశోధనకు ఫలితము పలితమే యగుట వేఱుమాట.) "కవి కాలము" అనుటకు "కవి కలము" అని పడినను అంతే. పట్టికను మాత్రమే నమ్మిన యంత్రము వీనిని బట్టజాలదు.

తెలుగునకు విశేషించిన చిక్కు సంధి. "దేవాలయమునందున్నదని" అను నొక్క కూర్పులో ఎన్ని పదములున్నవో చూడుడు. ఇట్టి కూర్పులన్నింటిని ఏ పట్టికయు నిముడ్చుకొనలేదు, విడదీసి చూడవలెను. విడదీయుటయు నొకేతీరున జరుగదు. "పూచెన్" పై "కలువలు" చేరినపుడు పూచెఁగలువలు, పూచెంగలువలు, పూచెన్గలువలు అన్నియు సాధువులే. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి పెక్కుచోట్ల 'బహుళము' అనెను. నిత్యము, వైకల్పికము, నిషేధము, అన్యకార్యము ఈ నాలుగును ఆ యొక్క మాటలో నిమిడియున్నవి. యంత్రమునకు గావలసినది ఔననుటయో కాదనుటయో మాత్రమే. ఎఱ్ఱగీతకు జంకి సంధులన్నిటిని విప్పివ్రాసిన ప్రతులు మాకు గన్పట్టుచున్నవి. ఆ వచనము తప్పు కాదు గాని నడక చెడినది.

అట్లని యంత్రము నిరుపయోగమనము. ఒకే గ్రంథనామము రెండుతీరుల వ్రాయబడుట, ఒకమాట రెండుసార్లు పడుట, ఒకపుటలో "చేయుచున్నాడు" మఱియొకపుటలో "చేస్తున్నాడు" అని శైలి కలగుట మొదలగువానిని వెదకుటలో అది మనుష్యునికన్న నోర్పు గలది. "విద్యార్థులు వచ్చెను" వంటి వచనదోషమును, రూపవిశ్లేషణము చక్కగా నున్నచో, చూపగలదు. కావున విషయమును, వాదక్రమమును మనమే రెండుమాఱులు దిద్దుకొన్న పిదపనే దానికి బ్రతి నప్పగించుట యుక్తము.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు వాక్యమునకు వాక్యమే మార్చియిచ్చు సాధనములు వాడుకలోనికి వచ్చినవి. ఇవి పూర్వాపరముల జూచి కొన్ని దోషములను బట్టును. కాని "కావచ్చును" అని పరిశోధకుడు జాగ్రత్తతో నన్నచోట "అగును" అని నున్నగా దిద్దినచో భాష చెడదు, సిద్ధాంతము మాఱిపోవును.

అన్నిటికంటె నపాయము ఉదాహృతపాఠములయం దున్నది. శాసనపాఠమున ఱకార రకారముల భేదము కాలనిర్ణయమున కొక సాక్ష్యము. అన్నిటిని మార్చు మీట నొక్కిన నా సాక్ష్యము ఒక్క క్షణమున నశించును. అరసున్నల గతియు నంతే. ప్రాచీనశాసనములలోని ఴకారము యూనికోడులో 2014లో గాని చేరలేదు. అంతకుముందు యూనికోడున టైపుచేసిన పాఠములలో ఆ స్థానమున వేఱక్షరమో, గుర్తో యుండక తప్పదు. అట్టి ప్రతినుండి పాఠమును గైకొనునపుడు ముద్రితప్రతితోను, వీలైనచో శాసనపు ముద్రతోను పోల్చవలెను. ఉదాహృతములను వేఱుఫైలులో నుంచి, పరిశీలనము ముగిసిన తరువాతనే వ్యాసమున జేర్చుట మేము విద్యార్థులచే జేయించుచున్న పద్ధతి.