తుప్పు కింద కొలిమి విద్య: పాత కర్రు, కొడవలి చెప్పే లోహ విజ్ఞానం

జంషెడ్‌పూర్ అనగానే గుర్తొచ్చేది ఉక్కు కర్మాగారం. టాటా కంపెనీ 1907లో ఏర్పడింది. ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె 1912లో తయారైంది. అయితే ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలో ఇనుము తీసే విద్య అంతకంటే చాలా పాతది. అసుర్, బిర్జియా వంటి ఆదివాసీ సమూహాలు మట్టి కొలిముల్లో ఖనిజం నుంచి ఇనుము తీసేవి. ఆ ఇనుమే నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి, బాణపు మొనగా మారేది.

నగరంలోని సోనారిలో ఉన్న ట్రైబల్ కల్చర్ సెంటర్ సంతాల్, హో, ముండా, ఒరావ్ తెగల జీవనాన్ని పరిచయం చేస్తుంది. ఇలాంటి మ్యూజియంలలో పాత పనిముట్టు కనిపిస్తే చాలామంది ఒకసారి చూసి ముందుకు సాగిపోతారు. లోహ శాస్త్రవేత్తకు మాత్రం అది తయారీ వివరాలన్నీ దాచుకున్న పత్రం.

కరగకుండానే ఇనుము

స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. మట్టి కొలిమిలో వేడి సుమారు 1200 డిగ్రీలే. అయినా ఇనుము వస్తుంది. బొగ్గు మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మలినాలు కరిగి చిట్టెంగా కారిపోతాయి. మిగిలేది స్పాంజి లాంటి ఇనుప ముద్ద. దాన్ని ఎర్రగా కాల్చి సమ్మెటతో కొడితే లోపలి చిట్టెం చాలావరకు బయటికి వస్తుంది.

ఇందుకు గాలి ఆగకుండా అందాలి. తోలు కప్పిన రెండు తిత్తులపై మనిషి నిలబడి కాళ్లు మార్చి మార్చి తొక్కుతాడు. పాదం ఎత్తగానే వంచి కట్టిన వెదురు బద్ద తోలును పైకి లాగుతుంది. ఒకటి ఖాళీ అవుతుంటే మరొకటి గాలితో నిండుతుంది.

చివరి పని అంచుది. కొడవలి అంచును బొగ్గుల్లో కాల్చితే కొంత కార్బన్ ఇనుములోకి చేరుతుంది. వెంటనే నీటిలో ముంచితే ఆ అంచు గట్టిపడుతుంది.

ప్రయోగశాల దృష్టిలో

జంషెడ్‌పూర్‌లోనే ఉన్న జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల 1950లో ప్రారంభమైంది. ఢిల్లీ ఇనుప స్తంభం, ఆదివాసీ ఇనుము తుప్పును ఎలా తట్టుకుంటాయో పోల్చిన పరిశోధన వ్యాసం 1963లో ఈ ప్రయోగశాల సాంకేతిక పత్రికలో వచ్చింది. స్తంభపు ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరం, పైన రక్షణ పొర ఏర్పడటానికి తోడ్పడిందని తర్వాత ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. నేటి ఉక్కు తయారీలో సున్నం వాడి భాస్వరాన్ని తొలగిస్తారు. సున్నం వేయని పాత కొలిముల్లో అది ఇనుములోనే మిగిలేది. ఎంత మిగులుతుందన్నది ఖనిజాన్ని బట్టి ఉంటుంది. భాస్వరం మరీ ఎక్కువైతే ఇనుము పెళుసవుతుంది.

తోమితే పోయేది

చౌక ఇనుము బజారుకు రావడం, అడవిలో బొగ్గు కాల్చడంపై ఆంక్షలు పెరగడంతో ఈ కొలిములు ఆరిపోతూ వచ్చాయి. పనిముట్లు మిగిలాయి. ఇనుములో చిక్కుకున్న చిట్టెం రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే, అది స్థానిక కొలిమిదో, బజారు ఉక్కుదో గుర్తించవచ్చు. అంచులో కార్బన్ ఎంత చేరిందో కూడా తెలుస్తుంది.

అందుకే పాత కొడవలిని గరుకు కాగితంతో తోమి వార్నిష్ పూస్తే మెరుపు వస్తుంది కానీ పైపొరలోని ఆధారాలు పోతాయి. శుభ్రం చేసేముందే ఫొటోలు తీయాలి, దొరికిన ఊరు, వాడిన పని నమోదు చేయాలి. ఆ పని తెలిసిన పెద్దలు ఉంటే వారి మాటలు, చేతి కదలికలు వీడియోలో భద్రపరచాలి. కర్రులోని కార్బన్‌ను ఎప్పుడైనా కొలవవచ్చు. కాలిన ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు నీటిలో ముంచాలన్నది మాత్రం ఆ పని చేసినవారే చెప్పగలరు.