పవన విద్యుత్తు: వాయుదేవుని వరం – వ్యాపార ప్రణాళిక

పంచభూతాలలో వాయువునకు విశిష్టస్థానం ఉన్నది. తైత్తిరీయోపనిషత్తు శాంతిపాఠం వాయువును ప్రత్యక్ష బ్రహ్మముగా సంబోధించి నమస్కరిస్తున్నది. ఆ దేవుని రెండు రూపాలూ కోనసీమవాసులకు తెలిసినవే. వేసవి సాయంవేళ కొబ్బరితోటలను సేదదీర్చే పైరగాలి ఒకటి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొని, తోటలకు తోటలనే నేలకూల్చిన పెనుతుపాను రెండవది.

ఆ వాయువునుండి విద్యుత్తును, విద్యుత్తునుండి ఆదాయాన్ని పొందవచ్చునన్న మాట నేడు తరచు వినబడుచున్నది. తమ పొదుపు సొమ్మును ఇట్టి పథకాలలో పెట్టదలచినవారికి, కరెంటు ఖర్చు తగ్గించుకొనగోరు రైసుమిల్లుల, ఐసు ఫ్యాక్టరీల, కొబ్బరిపీచు పరిశ్రమల యజమానులకు, ఆలయ నిర్వాహకులకు ఉపయోగపడునని ఈ వ్యాపారపు పునాదులను ఇక్కడ వివరిస్తున్నాము.

గాలి కొలత

గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలి 6 మీటర్ల వేగాన్ని అందుకొన్నచో, వేగం పెరిగినది ఐదవవంతే అయినా శక్తి 73 శాతం పెరుగుతుంది. కాబట్టి వేగాన్ని అంచనా వేయడంలో స్వల్పమైన పొరపాటు కూడ ఆదాయపు లెక్కను తారుమారు చేస్తుంది. ఇందుకే ఎత్తైన స్తంభంపై పరికరాలు అమర్చి, కనీసం ఒక సంవత్సరం, అన్ని ఋతువులలోను గాలిని కొలవవలసి ఉన్నది. మన ప్రాంతంలో ఏడాది పొడుగునా వచ్చే పవన విద్యుత్తులో అధికభాగం నైఋతి ఋతుపవన మాసాలలోనే లభిస్తుంది.

మన రాష్ట్రంలో సుమారు 4,000 మెగావాట్ల సామర్థ్యంగల గాలిమరలు ఉన్నవి. అవి ప్రధానంగా రాయలసీమ మెట్టభూములలో, కొండలపై నెలకొన్నవి. అనంతపురం ప్రాంతపు రామగిరి కొండలపై 1990వ దశకంలోనే ఇవి తిరిగినవి. కోనసీమ పరిస్థితి వేరు. దట్టమైన కొబ్బరితోటలు నేలకు దగ్గరగా వీచే గాలిని నెమ్మదింపజేస్తవి. కమతాలు చిన్నవి, ఊళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నవి. ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. గాలివేగం గంటకు సుమారు 90 కిలోమీటర్లు దాటినచో మర తనంతట తాను ఆగిపోతుంది. అయినను తుపాను తాకిడికి స్తంభం నిలువవలసినదే.

ఖర్చు – రాబడి

ఒక ఉదాహరణ చూతము. 2 మెగావాట్ల మర ఒకటి ఏడాదికి తన పూర్తి సామర్థ్యంలో నాలుగవవంతు మేర పనిచేసినదనుకొందము. సంవత్సరానికి 8,760 గంటలు గనుక 43 లక్షల 80 వేల యూనిట్లు లభిస్తవి. నిర్మాణవ్యయం 12 కోట్ల రూపాయలనియు, అందులో 70 శాతం, అనగా 8 కోట్ల 40 లక్షలు, 12 శాతం వడ్డీపై తెచ్చిన అప్పనియు భావింతము. మొదటి ఏటి వడ్డీయే కోటి రూపాయలు దాటుతుంది.

యూనిట్ ధర 4 రూపాయల 84 పైసలైనచో ఏటి రాబడి 2 కోట్ల 12 లక్షలు. వడ్డీ, అసలు వాయిదా, నిర్వహణ వ్యయం పోగా కొంత మిగులుటకు అవకాశం ఉన్నది. ధర 2 రూపాయల 43 పైసలైనచో రాబడి కోటి 6 లక్షలు మాత్రమే. అది వడ్డీతోనే సరిపోతుంది. గాలి అదే, మర అదే. మారినది ధర ఒక్కటే.

ఒప్పందమే ఆయువుపట్టు

ఈ రెండు ధరలు ఊహించి వ్రాసినవి కావు. 2015–17 మధ్యకాలంలో మన రాష్ట్రంలో యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు పైబడిన ధరతో, 25 సంవత్సరాల కాలానికి కొనుగోలు ఒప్పందాలు జరిగినవి. 2017లో దేశమంతటా వేలం పద్ధతి వచ్చి ధరలు వేగంగా పడిపోయినవి. ఆ ఏడాది చివర గుజరాత్‌లో 2 రూపాయల 43 పైసలు పలికినది.

పాత ధరలు పంపిణీ సంస్థలకు మోయరాని భారమైనవని భావించిన రాష్ట్ర ప్రభుత్వం, వాటిని తగ్గించుటకు సంప్రదింపులు జరుపవలెనని 2019 జూలై 1న ఒక కమిటీని నియమించినది. ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించిరి. విద్యుత్ నియంత్రణ మండలి విషయం తేల్చువరకు తాత్కాలికంగా 2 రూపాయల 43 పైసలు చెల్లించవలెనని ఏకసభ్య న్యాయపీఠం 2019 సెప్టెంబరులో ఆదేశించినది. ఒప్పందంలోని ధరనే, బకాయిలతోసహా ఆరు వారాలలో చెల్లించవలెనని ద్విసభ్య ధర్మాసనం 2022 మార్చి 15న తీర్పు చెప్పినది. ఈ రెండు తీర్పుల నడుమ రెండున్నర ఏళ్లు గడచినవి. బ్యాంకు వడ్డీ మాత్రం ఒక్క దినమైనా ఆగదు.

దీనినుండి నేర్వదగినవి రెండు. న్యాయం చివరకు లభించినను, అంతవరకు నిలువగల నిల్వధనం ప్రణాళికలోనే ఉండవలెను. రెండవది, కొనువాడు మోయలేని ధరపై ఆశలు కట్టరాదు. అమ్మువానికి గిట్టుబాటు, కొనువానికి ఊరట కలిగించే ధరయే కలకాలం నిలుచును.

కోనసీమవారికి మార్గమేది?

గాలిమర మన ఊళ్లో ఉండనవసరం లేదు. ధవళేశ్వరం వద్ద కాలువలోకి వదలిన నీటిని శివారు రైతు వాడుకొన్నట్లే, రాయలసీమలో తయారైన విద్యుత్తును ప్రసార చార్జీలు చెల్లించి అమలాపురంలోనో, రాజోలులోనో వాడుకొనవచ్చును. 2022లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 100 కిలోవాట్లు, అంతకు పైబడిన లోడుగల వినియోగదారులకు ఈ సౌకర్యం ఉన్నది.

కొందరు వినియోగదారులు కలిసి ఉమ్మడిగా ప్రాజెక్టును స్థాపించుకొనుట మరొక పద్ధతి. 2005 నాటి విద్యుత్ నిబంధనలను అనుసరించి, ఆ వినియోగదారులకు ప్రాజెక్టులో కనీసం 26 శాతం యాజమాన్యం ఉండవలెను. ఏటి ఉత్పత్తిలో కనీసం 51 శాతం వారే వాడుకొనవలెను. వాడకం వాటాల నిష్పత్తికి దగ్గరగా ఉండవలెను. ఇచ్చట కొనువాడు, అమ్మువాడు ఒక్కరే గనుక చెల్లింపుల భయం చాలవరకు తగ్గుతుంది. అయితే ప్రసార చార్జీలు పెరిగినచో లాభం తరిగిపోగలదు.

సొమ్ము పెట్టుటకు ముందు

ఎవరైనా ఇట్టి పథకంతో మీ ఇంటికి వచ్చినచో ఈ ప్రశ్నలు అడుగుడు. గాలిని ఎంతకాలం, ఏ ఎత్తున కొలిచిరి? స్థలంపై హక్కు ఎవరిది? సబ్‌స్టేషన్‌కు అనుసంధానం మంజూరైనదా? విద్యుత్తును కొనువారెవరు, ఏ ధరకు, ఎన్నేళ్లకు? ఆరు నెలలు సొమ్ము రాకున్నచో వాయిదా ఎట్లు కట్టుదురు? ఇరవై అయిదేళ్ల తరువాత మరను తొలగించు ఖర్చు ఎవరిది? వీటికి వ్రాతపూర్వకమైన సమాధానం లేనిచోట, ఎంత లాభం చూపినను చేయి చాపరాదు.

దేవాలయాల విషయంలో మరింత జాగరూకత అవసరం. దేవద్రవ్యానికి ధర్మకర్త కాపలాదారుడే గాని యజమాని కాడు. కొద్దిపాటి వాడకంగల ఆలయానికి, సత్రానికి పైకప్పుపై సౌరఫలకాలు అమర్చుకొనుటయే తేలికైన మార్గం. పెద్ద వాడకం ఉన్నచోట ఉమ్మడి పవన విద్యుత్తును ఆలోచింపవచ్చును. నిత్యదీపారాధనకు నూనె పోయునపుడు రేపటికి ఎంత మిగిలినదో చూచుకొను అర్చకస్వామి శ్రద్ధయే ఇట్టి లెక్కలన్నిటికి ఆదర్శం కావలెను.