ఎవరి ఇల్లు కుటుంబం, ఎవరి ఇల్లు సమస్య?

తెలుగు నవలా చరిత్రను బోధించడానికి మనం రెండు అరలు ఏర్పరచుకున్నాం. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878) కుటుంబ జీవితమనే అరలో ఉంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) అస్పృశ్యతా సమస్య అనే అరలో ఉంటుంది. ఎం.ఏ. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఈ విభజన నాకు ఏటా ఎదురవుతుంది. నిజానికి రెండు నవలల్లోనూ ఒక ఇంటి పెద్ద ఉన్నాడు. బిడ్డల మీద ప్రేమ ఉంది, ఉన్నది పోగొట్టుకున్న ఇల్లు చెల్లాచెదురు కావడం ఉంది. అయినా రాజశేఖరుడి ఇల్లు కుటుంబమైంది, రామదాసు ఇల్లు సమస్యగా మిగిలింది. అరల మీద అంటించిన ఈ పేర్లలోనే కులం ఉంది.

ఉన్నవ గుంటూరు ప్రాంతపు బ్రాహ్మణుడు. డబ్లిన్‌లో బారిస్టరు చదివాడు. పల్నాడు పుల్లరి ఉద్యమంలో జైలుకు వెళ్లి, అక్కడ ఈ నవల రాశాడు. జాతీయోద్యమ నవలగా, సంస్కరణ నవలగా దీన్ని చాలామంది వ్యాఖ్యానించారు. ఒక న్యాయవాది రాసిన కుటుంబ నవలగా చదివినవారు తక్కువ. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది.

న్యాయస్థానం మనిషిని వాదిగానో, ముద్దాయిగానో, సాక్షిగానో చూస్తుంది. అతని కోసం ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి దస్త్రంలోకి ఎక్కదు. ఆ వృత్తి తెలిసిన ఉన్నవ, దస్త్రంలో పట్టని ఆ భాగాన్నే నవలగా రాశాడు. మంగళాపురంలో కూలి దగ్గర మొదలైన తగాదాలో భూస్వామి చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోతాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడు ఆ సంగదాసుకే ప్రాణస్నేహితుడు. చట్టం దృష్టిలో ఇది ఒక నేరం. నవలలో మాత్రం రామదాసు, మహాలక్ష్మిల ఇల్లు కూలిపోవడం. అన్న వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే మార్గం పడతాడు. న్యాయం దొరకని ఇంటినుంచే ‘నేరస్థుడు’ ఎలా పుడతాడో ఒక బారిస్టరు ఇక్కడ చెబుతున్నాడు. మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. ఒక న్యాయవాది పుస్తకమే ముద్దాయి అయింది.

దీని పరిమితిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. రామదాసు వైష్ణవ భక్తుడు, తత్త్వం తెలిసినవాడు, పరమ శాంతమూర్తి. మాల కుటుంబానికి గౌరవం దక్కాలంటే ఆ ఇల్లు ముందు పవిత్రమై కనిపించాలన్న అగ్రవర్ణ సంస్కర్త షరతు అందులో ఉంది. పద్యం రాని, కోపమొచ్చే, కల్లు తాగే మాల తండ్రి అయితే పాఠకుడు కంటతడి పెట్టేవాడు కాదా? భక్తుడైతేనే దుఃఖానికి అర్హుడా? ఈ ప్రశ్న వేయడం ఉన్నవను తక్కువ చేయడం కాదు. ఆయన తెరిచిన తలుపులోంచి మరో అడుగు లోపలికి వేయడం.

ఆ అడుగు తరువాతి వారు వేశారు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) ఒకే దళిత కుటుంబాన్ని తరతరాల వెంట నడిపించింది. అక్కడ ఎల్లన్న, సుభద్రల బతుకుకు ఎవరి యోగ్యతాపత్రమూ అక్కర్లేదు. వారి ఆట, పాట, ఆకలి, ప్రేమ ఇవే చరిత్ర. కుటుంబ నవల అన్న మాటకు ఇంతకన్నా నిండైన ఉదాహరణ ఏముంటుంది?

ఇది గ్రంథాలయపు అరల గొడవ మాత్రమే కాదు. ఉన్నవ పుట్టిన గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. సాక్ష్యం చాలిందా లేదా అన్నది తీర్పు చెబుతుంది. ఆ ఇళ్లలో ఆ రాత్రి నుంచి ఏమి జరిగిందన్నది తీర్పులో ఉండదు. దాన్ని సాహిత్యమే చెప్పాలి. దళితుల ఇంటిని ‘సమస్య’ అని మాత్రమే చదవడం నేర్చిన సమాజానికి, ఆ ఇంట్లో చనిపోయినవాడు కేసు నంబరుగానే కనిపిస్తాడు.

అందుకే విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. ‘మాలపల్లి’ని, ‘అంటరాని వసంతం’ను కుటుంబ నవలల వరుసలోకి తెచ్చి, ‘రాజశేఖర చరిత్రము’ పక్కన పెట్టి చదవండి. అప్పుడు రాజశేఖరుడి ఇంటికి కూడా ఒక కులం ఉందన్న సంగతి మొదటిసారి కనిపిస్తుంది.