ఖాళీ ఇల్లు అమ్మబోయే ముందు

మన పల్లెల్లో తాళం పడిన ఇండ్లు ఎక్కువవుతున్నవి. పెద్దవారు గతించారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలనో స్థిరపడ్డారు. ఏడాదికొకసారి వచ్చి తలుపు తీసి, బూజు చూసి, నిట్టూర్చి తిరిగి వెళ్తారు. చివరకు అమ్ముదామనుకుంటారు. అయితే చూడవచ్చినవారు చీకటి గదిలోకి తొంగిచూసి, సగం ధర చెప్పి వెళ్లిపోతారు. గోడలు గట్టివే, కలప మంచిదే. ఆ సంగతి వారి కంటికి కనబడదు.

అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇంటిని సామానుతో తీర్చిదిద్ది చూపడం అమెరికాలో ఒక వృత్తి. దానిని హోమ్ స్టేజింగ్ అంటారు. బార్బ్ ష్వార్జ్ అనే మహిళ 1970లలో సియాటెల్ ప్రాంతంలో దీనిని మొదలుపెట్టి పేరు తెచ్చారు. అక్కడ మంచాలు, సోఫాలు అద్దెకు తెచ్చి పెడతారు. మనకు అంత ఖర్చు అవసరం లేదు. మన చేతి పనితోనే చాలావరకు జరుగుతుంది.

మొదట కుటుంబం కూర్చోవాలి

చీపురు పట్టకముందే తోబుట్టువులందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. అమ్మ బిందె, నాన్న పడక కుర్చీ, గోడమీది ఫోటోలు ఎవరికి ఏది అన్నది ప్రేమతో తేల్చుకోవాలి. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా వ్రాయకుండా గతిస్తే కుమారులకు, కుమార్తెలకు సమాన వాటా. తల్లి బ్రతికి ఉంటే మూడవ వంతు ఆమెది. ఆడపిల్ల సంతకం తరువాత చూద్దాములే అనుకుంటే బేరం చివరి రోజున ఆగిపోతుంది. అంతకంటె విచారకరం, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోతవి.

శుభ్రత, సున్నం, వెలుతురు

తరువాత పైకప్పు చూడండి. డాబా మీద రాలిన ఆకులు తూములకు అడ్డుపడితే నీరు నిలిచి స్లాబు చెమ్మగిల్లుతుంది. పెంకుటిల్లయితే జారిన పెంకులు సర్దించండి. వాసాలను, ద్వారబంధాలను వ్రేలితో తట్టిచూడండి. డొల్ల శబ్దం వచ్చినా, మట్టి గీతలు కనబడినా చెదలు ఉన్నట్లే.

మూసిన ఇంట్లో దుర్వాసన వస్తే అగరువత్తులు వెలిగించి లాభం లేదు. స్నానాల గది తూము క్రింద వంపులో నిలిచే నీరే మురుగు వాసనను అడ్డుకుంటుంది. నెలల తరబడి వాడకపోతే ఆ నీరు ఆరిపోతుంది. ఒక బకెట్ నీళ్లు పోస్తే చాలు. వారం రోజులు తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి.

పాత సున్నపు గోడలకు మరల సున్నమే మేలు. సున్నాన్ని నీళ్లలో వేసి ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో వడకట్టి, కొంచెం జిగురు, చిటికెడు నీలిమందు కలిపి రెండు పూతలు వేయాలి. నానేటప్పుడు అది కుతకుత ఉడుకుతుంది గనుక పిల్లలను దరికి రానీయకండి. కళ్లలో పడితే ప్రమాదం. ఆయిల్ పెయింటు వేసిన గోడకు సున్నం పట్టదు.

బొత్తిగా ఖాళీ గదిలో మంచం పడుతుందా, బీరువా పడుతుందా అన్నది చూసేవారికి అందదు. గనుక పెద్ద గదిలో ఒక నులక మంచం, వసారాలో రెండు కుర్చీలు, వంటగదిలో నీళ్ల కుండ ఉంచండి. కరెంటు బిల్లు కట్టి ప్రతి గదిలో బల్బు వెలిగేలా చూడండి. వాకిట్లో పిచ్చిమొక్కలు పీకి, కల్లాపి చల్లండి. పగటి వెలుతురులోనే ఇల్లు చూపండి.

దాచరాని సంగతులు

ఇంటిని సింగారించడం వేరు, లోపాన్ని కప్పిపెట్టడం వేరు. పగులు మీద క్యాలెండరు తగిలించడం, చెమ్మ గోడకు హడావిడిగా రంగు పూయడం మోసమే. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవానికి తెలిసియుంటే చెప్పితీరాలని 1882 ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను అంటున్నది. చెప్పకపోతే దానిని మోసంగా ఎంచుతుంది. వానాకాలం వెనుక గదిలో నీరు కారుతుందని ముందే చెప్పండి. ధర కొంత తగ్గవచ్చు. కాని కొనేవారు కూడా కూతురి పెళ్లికి దాచిన డబ్బో, పొలం అమ్మిన డబ్బో తెచ్చి మీ చేతిలో పెడుతున్న ఒక కుటుంబమే. రేపు ఆ గదిలో పడుకునేది వారి పిల్లలే.

ఇక దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీ, వారసుల ధృవపత్రం ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. అన్నీ చక్కబడిన తరువాత, కొనేవారు రాకముందు, తోబుట్టువులందరూ ఒక పూట ఆ ఇంట్లో కలిసి భోజనం చేయండి. తాళం చేతులు మారిన తరువాత ఆ అవకాశం మరల రాదు.