మోకాలి చిప్ప కింద నొప్పి – ఆటలాడే పిల్లలకు

"పోటీలు దగ్గర పడ్డాయి సిస్టర్‌గారూ, ఒక్క ఇంజక్షన్ వేయించండి" అని తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాలీబాల్, కబడ్డీ ఆడే పిల్లలు అడుగుతుంటారు. చిప్ప కింది అంచున నొప్పి. ఎగిరినా, మెట్లు దిగినా ఎక్కువవుతుంది. నరం పట్టిందనుకుంటారు గాని, అది చిప్పను కాలి ఎముకకు కలిపే టెండన్ దెబ్బతినడం. వేలితో నొక్కి, ఒంటికాలిపై గుంజీ తీయించి డాక్టరుగారు చాలావరకు గుర్తిస్తారు. ఎక్స్‌రేలో తరచు ఏమీ కనబడదు.

ఆ టెండన్‌లోకి స్టిరాయిడ్ ఇంజక్షన్ వేస్తే తెగిపోయే ప్రమాదముంది, అడగవద్దు. అలాగని మంచం ఎక్కనక్కరా లేదు. గెంతడం తగ్గించి, ఫిజియోథెరపిస్టు చూపినట్టు నిదానంగా గుంజీలు, తరువాత బరువులు, కనీసం 12 వారాలు చేయాలి. ఈ ఏడు సెలక్షన్ పోతుందని పిల్లలు ఏడుస్తారు, నిజమే. టెన్నిస్ ఆటగాడు నాదల్ మోకాలి టెండన్ నొప్పితో 2009లో వింబుల్డన్ వదులుకుని, 2010లో గెలిచాడు.

ఆటలో పడి, కాలు చాపలేకపోతే మాత్రం ఆ రోజే తీసుకురండి.